మన్నా నిలిచిపోయిన మరునాడు

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయమును ధ్యానమునకు తీసికొను బోధకులు అరుదు. మేము వేదాంత పాఠశాలలో చదువుకొన్న దినములలో ఆ అధ్యాయము వచ్చినప్పుడు ఒకడు గడియారము వైపు చూచుటయు, మరియొకడు మెల్లగా పుటలు త్రిప్పుటయు కద్దు. అందులో ఉన్నవన్నియు పేరులు, వంశములు, అంకెలు. బబులోను చెరనుండి స్వదేశమునకు తిరిగివచ్చిన సమాజము 42,360 మంది. వారి దాసదాసీ జనము 7,337 మంది. గుఱ్ఱములు 736, కంచరగాడిదలు 245, ఒంటెలు 435, గాడిదలు 6,720. దేవుని వాక్యములో గాడిదల లెక్క యెందుకని మాలో ఒకడు నవ్వుచు అడిగినట్లు నాకు జ్ఞాపకము.

చదువరులారా, ఆ లెక్కను ఒకసారి మన పలకమీద వేసి చూతము. జనమును గాడిదలతో భాగించినయెడల సుమారు ఏడుగురికి ఒక గాడిద వచ్చుచున్నది. ఒక గాడిద అరువది కిలోల ధాన్యము మోయుననుకొందము. మనిషికి దినమునకు అర కిలో చొప్పున ఏడుగురికి మూడున్నర కిలోలు కావలెను. అనగా పదునేడు దినములకు ఆ గాడిద వీపు ఖాళీయగును. పిల్లలను, ముసలివారిని, వంటపాత్రలను ఎక్కింపకుండ ఉత్త ధాన్యమే ఎక్కించినప్పటి లెక్క యిది. అయితే తరువాతి కాలమున ఎజ్రా స్వయముగా నడిపించిన జనమునకు అదే ప్రయాణము నాలుగు నెలలు పట్టినది. మిగిలిన మూడు నెలలకు పైబడిన కాలము ఎవరు పెట్టిరి? ఏ యూరిలో కొనిరి? ఏ యేటి యొద్ద పిండి తడిపిరి? ఇంటికి తిరిగివచ్చుటయను మాట పాటలలో తీయగా వినబడును గాని, దానిని నడచినవానికి ప్రతి ఉదయమున ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఈ పూట పొయ్యిమీదికి ఏమి ఎక్కును?

ఈ ప్రశ్న మన గోదావరి జిల్లాల వారికి క్రొత్తది కాదు. మన యిండ్లలో దీనిని కాలినడకను మోసికొని వచ్చిన పెద్దలు ఉండిరి.

కాకినాడకు దిగువను గోదావరి పాయ సముద్రములో కలియుచోట కోరంగి యను రేవు ఉండెడిది. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును పాడుచేసినవి గాని, దాని పేరు మాత్రము సముద్రము దాటి బర్మాలో స్థిరపడినది. అక్కడివారు తెలుగు కూలీని చూచి 'కోరంగీ' అని పిలిచెడివారు. మనవారు రంగూనును 'రంగం' అనిరి. "మా ఆయన రంగం వెళ్ళాడు" అనినచో ఆ యింటికి మనియార్డరు వచ్చునని అర్థము. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చి మనుష్యులను తీసికొనిపోవును. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులనుండి బ్రిటిష్ ఇండియా కంపెనీవారి పొగయోడలు వారిని డెక్కుమీద ఎక్కించుకొని పోవును. 1931వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉండిరి. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైబడి యుండిరి. బియ్యపు మిల్లులలో, రేవులో బస్తాల మోతలో, రిక్షాలు లాగుటలో, పట్టణపు పాకీ పనిలో ఉన్నవారు చాలవరకు వీరే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన అల్లర్లలో ఎందరో చనిపోయిరి. పేదవానిని పేదవానిపైకి ఉసికొల్పి తక్కువ కూలికి ఓడ నింపుకొనుట ఆనాటి షాహుకార్లకు తెలిసిన విద్య.

1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. క్రిస్మసు దినమున మరల వేసినవి. బస్తాలు మోయు చేతులు ఒక్కసారిగా బస్తాలు విడిచి ప్రోము దారి పట్టినవి. మొదట కొందరిని దారిలో నిలిపి, నచ్చజెప్పి, వెనుకకు పంపిరి. వారు పోయినచో రేవు మూతపడును, పట్టణము కుళ్ళిపోవును గదా! 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది. అంతకు మునుపు సుమారు డెబ్బయి వేలమంది ఓడలపై బయటపడిరి. మిగిలినవారికి కొండలే దిక్కు. నేలదారిని భారతదేశమునకు వచ్చినవారు సుమారు నాలుగు లక్షల మంది. దారిలో చనిపోయినవారు పదివేలకు తక్కువ కాదనియు, యాబది వేలవరకు ఉండవచ్చుననియు అంచనాలున్నవి. ఎవరును నిలువబడి లెక్కించలేదు.

దారులు మూడు నాలుగు విధములు. ప్రోమునుండి తౌంగప్ కనుమ మీదుగా అరకాను తీరమునకు దిగి, పడవలపై అక్యాబునకును, అటునుండి చిట్టగాంగునకును పోవు దారి ఒకటి. ఆ దారిలో నీరు కరవు. నీరు దొరికినచోట కలరా. చిండ్విను నదిపై కలేవా వరకు పోయి, టాము మీదుగా మణిపురపు కొండలెక్కి పాలేలునకు దిగునది రెండవది. మే నెలలో మిట్కీనా కూడ పడిపోయిన తరువాత ఉత్తరమున హుకాంగు లోయ మీదుగా లెడోకు నడచినది మూడవది. ఆ లోయలో వాన మొదలైన పిమ్మట అడుగు వేసినవాడు మోకాలివరకు బురదలో దిగెడివాడట.

మా నాయనమ్మ రెండవ దారిని వచ్చినది. నా చిన్నతనమున కోరుకొండలోని మా యింటి అరుగుమీద చింతపండు గింజలు తీయుచు, ఎవరైన అడిగినప్పుడు మాత్రమే చెప్పెడిది. తాతయ్య అక్కడ బియ్యపు మిల్లులో పనివాడు. బయలుదేరునప్పుడు ఆమె చేతిలో నాలుగు వస్తువులు: ఒక ఇత్తడి తపేలా, చెంగున ముడివేసిన ఉప్పు, ఒక దుప్పటి, పది నెలల బిడ్డ. బియ్యము తాతయ్య మోసినాడు. "బియ్యం దొరికేవిరా, ఉప్పు దొరికేది కాదు" అని ఆమె చెప్పెడిది. ఉప్పు ముడిని రాత్రివేళ తలక్రింద పెట్టుకొని నిద్రించినదట. ఇంకొక మాట కూడ చెప్పెడిది. బియ్యము చేతిలో నుండి కూడ జనులు ఆకలితో పడిపోయిరట. కొండమీద నీరు లేదు. నీరున్నచోట ఎండుపుల్ల లేదు. పుల్లయున్నచోట ముందుగా వచ్చినవారు దానిని కాల్చివేసిరి. వండని బియ్యము మనిషికి బరువే గాని భోజనము కాదు.

ఇక్కడ నేను కొంచెము ఆగెదను. 'కాందిశీకులకు ఆహారము పంపిరి' అను వాక్యమును మనము వార్తలలో తేలికగా చదివి పోవుచున్నాము. ఆ వాక్యము లోపల ఉన్న కష్టమును గ్రహించినగాని ఈ విషయము అర్థము కాదు.

మోటారు పోని కొండదారిలో మోతకూలీ ముప్పది కిలోల బియ్యము వీపున వేసికొని బయలుదేరినాడనుకొందము. బరువు మోయువాడు దినమునకు కిలోకు దగ్గరగా తినును. పదిదినముల దూరమందున్న శిబిరమునకు పోవుటకు పది కిలోలు, తిరిగి వచ్చుటకు మరియొక పది కిలోలు వాడే తినవలెను. శిబిరములో దించునది పది కిలోలు. ఇరువది మంది ఒక దినమునకు వండుకొందురు, అంతే. పదునైదు దినముల దూరమైనచో దించుటకు గింజయు మిగలదు. కాబట్టి దారిలో శిబిరములను దగ్గరదగ్గరగా నిలువవలెను. ఒక శిబిరము మరియొక శిబిరమునకు అందించవలెను. జనము రాకమునుపే నిలువ చేరవలెను. 1942లో మణిపురము, హుకాంగు దారులలో ఈ పనిని పెద్ద భాగము మోసినవారు అస్సాము తేయాకు తోటలవారు. ఇండియన్ టీ అసోసియేషను తన తోటల కూలీలను, మేనేజర్లను, వైద్యులను పంపి శిబిరములు కట్టించినది. ఆ తోటల కూలీలలో ఛోటానాగపూరునుండియు మన ఉత్తర సర్కారులనుండియు పోయిన కుటుంబములవారు ఉండిరని తెలిసినవారు తక్కువ. ఒక పేదవాడు వెదురుతడిక కట్టి గంజి కాచగా మరియొక పేదవాడు త్రాగి లేచినాడు.

విమానములనుండి కూడ బియ్యము దించిరి. ఒక గోనెలో నింపి, దానిని మరియొక పెద్ద గోనెలో పెట్టి పడవేయుదురు. నేలను తాకి లోపలి గోనె పగిలినను, గింజలు వెలుపలి గోనెలో నిలుచును. ఎవరి బుద్ధికి తోచినదో గాని, మంచి యుపాయము. అయినను కొండ మబ్బుపట్టిన దినమున విమానము రాదు. ఆకలికి మబ్బు తెలియదు. మే 10న జపానువారు ఇంఫాలుపై బాంబులు వేయగా శిబిరపు పనివారును చెదరిపోయి, ఆ దారిలో కొన్నాళ్ళు వంటయే తారుమారైనది.

మరియొక బాధను చెప్పకుండ దాటరాదు. ఆ కొండలలో తెల్లవారికి, ఆంగ్లో-ఇండియనులకు ఒక దారి, నల్లవారికి ఒక దారి యని జనులు చెప్పుకొనిరి. 'తెల్లదారి', 'నల్లదారి' అను పేరులే పడినవి. మేలైన దారిలో నీళ్ళు, బండ్లు, బసలు, రెండవదానిలో నిట్టయెక్కుడు. 1942 ఏప్రిలు చివరను అలహాబాదులో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఈ భేదమును ఖండించుచు తీర్మానించినది. అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఇచ్చిన కొలత మీకు తెలియును: తలకొక ఓమెరు. ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు. మనము మన్నాను గూర్చి ప్రసంగించునప్పుడు అది ఆకాశమునుండి కురిసిన వింతను చెప్పి ఊరకుందుము. నాకైతే ఆ కొలతయే పెద్ద వింతగా తోచుచున్నది. ఆకాశమునుండి గోనెలు దించుట మనుష్యులకు కూడ సాధ్యమైనది. తలకొక ఓమెరు పెట్టుట వారికి సాధ్యము కాలేదు.

నాయనమ్మ నడచినది ఏ దారియో ఆమెకు పేరు తెలియదు. బిడ్డ మాత్రము పాలేలు చేరకమునుపే విరేచనములతో పోయినది. ఆ బిడ్డ మా నాన్నకు అక్క. ఎక్కడ పూడ్చిరో చెప్పుటకు గుర్తు లేదు. పాలేలునుండి లారీ, దిమాపూరునుండి రైలు, పాండు రేవున బ్రహ్మపుత్ర దాటుటకు పడవ, కలకత్తా, వాల్తేరు, రాజమండ్రి. స్టేషనులలో మార్వాడీ సహాయ సంఘము మొదలుకొని పలు సంఘములవారు పూరీలు, పాలు, గుడ్డలు ఇచ్చిరి. ఆ మేలును ఆమె ఎన్నడును మరువలేదు. 'పూరీ' అను మాటను ఆమె పలుకు తీరే వేరు.

వారు రాజమండ్రిలో దిగినది మే నెలలో. అప్పటికి మన తీరము స్థితి ఏమి? ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్నముపైనను కాకినాడపైనను బాంబులు వేసియుండెను. పట్టణములు విడిచి జనులు లోపలి గ్రామములకు చేరుచుండిరి. బర్మానుండి వచ్చినవారు ఇంటికి వచ్చునప్పటికి ఇంటివారే మూటలు కట్టుకొని కూర్చుండిరి. బర్మా బియ్యము ఆగిపోయెను గనుక ధరలు పైకి లేచుచుండెను. ఏటేట రంగూనునుండి ఆ బియ్యమును ఓడలకెత్తినవారే ఇప్పుడు మానిక బియ్యమునకు అంగడి యెదుట నిలిచిరి. మరుసటి యేట, 1943లో, బంగాళములో సుమారు ముప్పది లక్షల మందిని బలిగొన్న కరవునకు ఆ బియ్యము ఆగుటయు ఒక కారణము.

నేను డిగ్రీ చదువుచున్న రోజులలో ఒకనాడు నాయనమ్మను అడిగితిని: "మామ్మా, ఆ కొండల్లో ఆకలి ఎలా ఓర్చుకున్నారు?"

ఆమె గింజ తీయుట ఆపలేదు. "దారిలో ఆకలికి చివరుంటదని తెలుసురా. ఈ కొండ దిగితే గంజి పోస్తారంట అని ఎవరో ఒకరు చెప్పేవోరు. ఇంటికొచ్చాక చివర కనపళ్ళేదు" అనినది.

ఈ మాటను నేను చాల యేండ్లు మోసితిని. నాకు అర్థమైనంతవరకు సంగతి యిది. రంగంలో ఉన్న మనిషి ఇంటికి డబ్బు పంపువాడు. వాడు తిరిగివచ్చిన దినముననే మనియార్డరు ఆగినది. అదే దినమున ఆ యింట తినువారు ఇద్దరు పెరిగిరి. వచ్చునది ఆగుటయు, తినువారు పెరుగుటయు ఒక్కసారి జరిగినవి. భూమి లేదు. మేస్త్రీ బయానా తీరనివారికి అప్పు మిగిలినది. మాది మెట్ట ప్రాంతము. వాన పడి చెరువు నిండి ఊడ్పులు మొదలగువరకు కూలి లేదు. మే నెలలో తాటిముంజలు తినిరి. తరువాత చోడి అంబలి, అదియు ఒక పూట. ఇత్తడి తపేలా బర్మా కొండలన్నియు దాటివచ్చి, జూలై నెలలో మా యూరి షావుకారు కొట్టులో తాకట్టు పడినది. శిబిరములో గంజి పోసినవారెవ్వరును అక్కడ లేరు. వారి దృష్టిలో ఆమె ఇంటికి చేరినది. వారి పని ముగిసినది.

పరిశుద్ధ గ్రంథము ఈ రెండవ ఆకలిని దాచలేదు. బబులోనునుండి తిరిగివచ్చిన సుమారు పదునెనిమిదేండ్లకు హగ్గయి ప్రవక్త లేచి, విస్తారముగా విత్తి కొంచెమే కోసికొనుచున్న ఆ జనుల స్థితిని వారి ముఖముననే చెప్పెను. నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయములో ధాన్యము నిమిత్తము పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టి, తుదకు తమ పిల్లలను దాస్యమునకు అప్పగించినవారి మొఱ్ఱ వినబడుచున్నది. అప్పిచ్చినవారు పరదేశులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా వారిని ఓదార్చి పంపలేదు. వడ్డీ మాన్పించెను, పొలములు తిరిగి ఇప్పించెను, యాజకులను పిలిచి ప్రమాణము చేయించెను.

ఇక యెహోషువ గ్రంథమును చూడుడి. యెరికో మైదానమున, గిల్గాలులో, జనులు ఆ దేశపు పంటను తినిరి. మరునాడు మన్నా నిలిచిపోయినది. అది ఏ కాలము? యొర్దాను గట్టులు పొర్లిపారు కోతకాలమని అంతకు రెండు అధ్యాయములకు ముందే వ్రాయబడియున్నది. యొర్దాను దాటిన దినముననే మన్నాను ఆపివేయవచ్చును గదా! సరిహద్దు దాటిరి, స్వదేశము చేరిరి, ప్రయాణము ముగిసినదని ఏ అధికారియైనను లెక్క మూసివేసియుండును. కాని కొత్త ధాన్యము నోటికి అందువరకు ఆ కొలత ఆగలేదు. ఆ ఒక్క దినపు తేడాలో ఎంత శ్రద్ధ యున్నదో నాయనమ్మ మాట విన్న తరువాతనే నాకు కనబడినది.

ఈ సంగతిని లోకము ఆఫ్రికాలో మరల నేర్చుకొనవలసి వచ్చినది. మొజాంబిక్ దేశములో పదునైదేండ్లు జరిగిన అంతర్యుద్ధము 1992 అక్టోబరులో రోము నగరమున జరిగిన ఒడంబడికతో ముగియగా, చుట్టుప్రక్కల ఆరు దేశములనుండి 1996 నాటికి సుమారు పదునేడు లక్షలమంది కాందిశీకులు తిరిగివచ్చిరి. ఒక్క మలావి దేశములోనే పది లక్షలకు పైబడి తలదాచుకొనియుండిరి. చాలమంది ఎవరి లారీ కొరకును కనిపెట్టలేదు. తలమీద మూట పెట్టుకొని నడచిపోయిరి. దారులలో మందుపాతరలు, కూలిన వంతెనలు. ఐక్యరాజ్య సమితివారు దారిబత్తెముతోపాటు విత్తనములు, పారలు, గొడ్డళ్ళు ఇచ్చి, మొదటి పంట వచ్చువరకు తిండి అందించుటకు ఏర్పాటు చేసిరి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆకలిగా నున్నవానికి విత్తనము మాత్రమే ఇచ్చినయెడల వాడు విత్తనమును వండుకొని తినును. వానిని తప్పుపట్టువాడు ఎన్నడును పస్తుండని వాడై యుండవలెను. విత్తనము నేలలో పడవలెనన్నచో దాని ప్రక్కన తిండిగింజల మూట కూడ ఉండవలెను. రెండును వానకు ముందే చేరవలెను. వాన పడిన పిమ్మట చేరిన విత్తనము మరుసటి యేటికే పనికివచ్చును.

2023 ఏప్రిలులో సూడాను దేశములో యుద్ధము మొదలైన తరువాత, అక్కడ తలదాచుకొనియున్న దక్షిణ సూడానువారు లక్షలమంది రెంక్ అను పట్టణము మీదుగా స్వదేశమునకు తిరిగివచ్చిరి. అక్కడ వానకాలమున నల్లరేగడి బాటలు లారీని మ్రింగివేయును. తెల్ల నైలునదిపై పెద్ద పడవలలో మలకాల్ వరకు తీసికొనిపోవలసినదే. లంకలలో బాడవ దాటినవారికి, వరదనాడు పడవ కొరకు గట్టున కూర్చున్నవారికి ఆ కష్టము వివరించనక్కరలేదు. తిరిగివచ్చిన ఊరిలోనే ముందునుండి తిండి చాలనివారుండగా, ప్రపంచ ఆహార సంస్థకు విరాళములు తగ్గి, పంచు కొలత తగ్గించవలసి వచ్చినది. ఉన్నవాని విస్తరినుండి తీసి వచ్చినవానికి పెట్టుట యెట్లు? ఈ చిక్కు 1942లో మా యింటను ఉండెను. మా తాతయ్య అన్నగారి భార్య, ఆమెకును పిల్లలుండిరి, వచ్చిన ఇద్దరికి అంబలి పోయుటకు తన గిన్నెను ఎన్నిమారులు వంచినదో ఎవరును వ్రాసియుంచలేదు.

బర్మా సంగతి 1942తో ముగియలేదు. యుద్ధము తరువాత కొందరు మరల పోయిరి. అక్కడనే ఉండిపోయినవారు కొందరు. 1962లో సైన్యాధిపతి నే విన్ ప్రభుత్వమును చేజిక్కించుకొనినాడు. 1964లో అంగళ్ళు ప్రభుత్వపరమైనవి, యాబది, నూరు చాట్‌ల నోట్లు చెల్లకుండ చేయబడినవి. ఆ యేటినుండి వేలకొలది కుటుంబములు ఓడలపై మద్రాసునకును విశాఖపట్నమునకును వచ్చి దిగినవి. విశాఖపట్నము కంచరపాలెములోని బర్మా క్యాంపు ఆ దినముల గుర్తు. ఈసారి ఓడ యున్నది, దారిలో కలరా లేదు. కాని ఆ యేండ్లలో దేశమంతటను తిండిగింజలు కరవై అమెరికా గోధుమలపై ఆధారపడియుంటిమి. వచ్చినవారికి అప్పులిచ్చి నిలువబెట్టుటకు 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడినది. అయిదేండ్ల తరువాత నైనను, తాకట్టు కొట్టుకు బదులుగా ఒక బ్యాంకు వచ్చుట మేలే.

మన కాలములో, 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ సమస్తమును నేను కన్నులార చూచితిని. మద్రాసు వైపునుండి ఒడిశాకు, బీహారుకు నడచిపోవు పనివారు పదునారవ నంబరు జాతీయ రహదారిపై రాజానగరము మీదుగా పోవుచుండిరి. మా సంఘ స్త్రీలు అనుమతి తీసికొని దారి ప్రక్కన వండిపెట్టిరి. ఏమి వండవలెనను మాట వచ్చినప్పుడు ఒక పెద్దమ్మ తేల్చివేసినది: మే నెల ఎండకు సాంబారన్నము మధ్యాహ్నమునకే పులిసిపోవును, చింతపండు పులిహోర సాయంకాలము వరకు చెడదు, చేతికిచ్చునది అటుకులు, బెల్లము, ఉప్పు. ఉప్పు అనగానే నాకు నాయనమ్మ చెంగు ముడి జ్ఞాపకము వచ్చినది గాని, ఆమె ఏ పుస్తకమును చదివి చెప్పలేదు. పొయ్యి యొద్ద నలుబదియేండ్లు నిలిచి చెప్పినది.

గంజాం జిల్లావాడొక యువకుడు పులిహోర తినుచు, వచ్చీరాని తెలుగులో మాటలాడినాడు. ఊరు చేరిన తరువాత పదునాలుగు దినములు బడిలో ఉంచుదురట. "అక్కడ తిండి పెడతారు సార్. పదిహేనో రోజు ఇంటికెళ్తాను. నేను పంపిన డబ్బుతోనే ఇల్లు నడిచేది. పదిహేనో రోజు ఏం తినాలి?" అని అడిగినాడు. మే 1 నుండి శ్రామిక రైళ్ళు నడచినవి. దారి కష్టము కొందరికైనను తీరినది. ఆ పదునైదవ దినమునకు ఏ రైలును లేదు.

మా సంఘములో పిడికెడు బియ్యము ఎత్తు వాడుక పూర్వమునుండి యున్నది. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో వేయును. ఆదివారము దానిని తెచ్చి గుడిలో అర్పించును. ఇదివరకు ఆ బియ్యమును అమ్మి సొమ్ము ఖజానాలో వేసెడివారము. ఆ సంవత్సరమునుండి స్త్రీల సమాజమువారు అమ్మనియ్యలేదు. రెండు డ్రమ్ములు కొని గుడి వెనుక గదిలో పెట్టి, ఊరికి తిరిగివచ్చిన యింటికి కొలిచి యిచ్చుచున్నారు. మా ప్రాంతమునుండి కువైటుకు, మస్కటుకు ఇంటిపనికి పోవు స్త్రీలు ఎందరో మీరెరుగుదురు. జీతము రాక, ఒంట్లో బాగుండక, చేతిలో ఏమియు లేక తిరిగివచ్చువారును ఉందురు. సమాజపు కార్యదర్శి మొదట వారిని అడుగు ప్రశ్నలు రెండు: ఇంట ఎందరు తినువారు? కూలి ఎప్పుడు దొరకును? ఆ రెండు అంకెలను పుస్తకములో వ్రాసికొని, తలకు పూటకు సోలెడు చొప్పున లెక్కకట్టి, ఏ దినము వరకో ఆ తేదీని ఎదుట వ్రాయును.

ఇప్పుడు ఆ పుస్తకములో మూడు ఇండ్లున్నవి. ఒక డ్రమ్ము అడుగు కనబడుచున్నది. రెండవదానిలో పదునొకండు కుంచములు ఉన్నవని నిన్న కొలిచి చెప్పిరి. చెరువులోనికి ఇంకను నీరు రాలేదు; వచ్చినచో ఊడ్పులకు ఇరువది దినములు పట్టును. వచ్చు ఆదివారము ప్రకటనల వేళ ఈ అంకెలను చదివెదను.